పేపర్ పెట్టే ముందు, పెట్టాక: ప్రైవేటు ఉద్యోగానికి పద్ధతిగా రాజీనామా చేయడం ఎలా?

"సర్, ఒక ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఫ్రీనా?"

ఆఫీసు చాట్‌లో ఈ మెసేజ్ వచ్చిందంటే ఏ మేనేజర్‌కైనా సగం విషయం అర్థమైపోతుంది. సెలవు కావాలంటే ఎవరూ ఐదు నిమిషాలు అడగరు కదా. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో ఈ మాట నేను మూడుసార్లు అన్నాను. టీమ్ చూసుకోవడం మొదలుపెట్టాక ఓ పాతికసార్లు విన్నాను. చెప్పడం, వినడం రెండూ అలవాటయ్యాక ఒకటి గమనించాను. రాజీనామాలో వచ్చే గొడవల్లో ముప్పాతిక భాగం ఒకే చోట పుడతాయి: చివరి పని దినం ఏది అన్న దగ్గర.

ఆఫీసు భాషలో దాన్ని ఎల్‌డబ్ల్యూడీ అంటారు. కొత్త కంపెనీలో చేరే తేదీ దాన్నిబట్టే ఉంటుంది. పీఎఫ్ ఖాతాలో ఎక్కేది అదే తేదీ. ఇంట్లో అందరి ఆరోగ్య బీమా ఆగిపోయేదీ, గ్రాట్యుటీ లెక్క ముగిసేదీ ఆ రోజే. మనవాళ్లు మాత్రం రాజీనామా ఉత్తరంలో ఏ పదాలు వాడాలా అని రెండు రాత్రులు ఆలోచిస్తారు. తేదీ సంగతి హెచ్‌ఆర్ చూసుకుంటుందిలే అని వదిలేస్తారు.

ఇక్కడ రాసేదంతా ప్రైవేటు ఉద్యోగాల గురించి, ముఖ్యంగా హైదరాబాద్ లాంటి చోట ఐటీ, ఆఫీసు ఉద్యోగాల గురించి. ప్రభుత్వ ఉద్యోగుల దారి వేరు. అక్కడ పై అధికారి ఆమోదించేదాకా రాజీనామా అమల్లోకి రాదు. కేంద్ర సర్వీసులో పాత పెన్షన్ కింద ఉన్నవాళ్లు, సరైన అనుమతితో మరో ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికి తప్ప, రాజీనామా చేస్తే పాత సర్వీసు మొత్తం పెన్షన్ లెక్కలో పోతుంది కూడా. వాళ్లు ముందు తమ సర్వీసు రూల్స్ చూసుకోవాలి.

1. ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా నోరు విప్పొద్దు

నాతో పనిచేసిన ఒకబ్బాయికి కొత్త కంపెనీ హెచ్‌ఆర్ ఫోన్ చేసి "మీరు సెలెక్ట్ అయ్యారు, లెటర్ రెండు రోజుల్లో వస్తుంది" అంది. ఆ సాయంత్రమే టీ తాగుతూ మేనేజర్‌కి చెప్పేశాడు. రెండు రోజులు రెండు వారాలయ్యాయి. ఆ తర్వాత ప్రాజెక్టు ఆగిపోయిందని కబురొచ్చింది. ఉన్న ఉద్యోగం పోలేదు గానీ, ఆ ఏడాది అప్రైజల్‌లో అతని పేరు దగ్గరకొచ్చేసరికి "వీడెలాగూ వెళ్లిపోయేవాడే" అన్న మాట పడింది. హైక్ నామమాత్రంగా ఇచ్చారు.

ఫోన్‌లో చెప్పింది ఆఫర్ కాదు. లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఉద్యోగం ఇవ్వాలనుకుంటున్నాం అని రాసే లెటర్) కూడా పూర్తి ఆఫర్ కాదు. జీతం విడివిడిగా రాసి, హోదా, చేరే తేదీ, ఊరు అన్నీ ఉన్న లెటర్ రావాలి. మీరు దాన్ని అంగీకరిస్తూ సంతకం పెట్టాలి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అయ్యాకే ఆఫర్ ఖాయమని అందులో రాసి ఉంటే, ఆ వెరిఫికేషన్ చేరకముందు చేస్తారా, చేరాక చేస్తారా అని మెయిల్‌లో అడగండి. ఇప్పుడున్న కంపెనీకి ఫోన్ చేసే పనైతే రిజైన్ చేశాకే చేయమని చెప్పండి. ఇది అందరూ ఒప్పుకునే మాటే.

2. పాత అపాయింట్‌మెంట్ లెటర్ వెతికి తీయండి

చేరిన రోజు చూడకుండా సంతకం పెట్టిన ఆ పదిహేను పేజీల పీడీఎఫ్ ఇప్పుడు పనికొస్తుంది. అన్నీ చదవక్కర్లేదు గానీ కొన్ని క్లాజులు మాత్రం రెండుసార్లు చదవండి.

మొదటిది నోటీసు పీరియడ్. 30, 60, 90 రోజులు మామూలుగా కనిపించేవి. "90 రోజులు" అని ఉందా, "మూడు నెలలు" అని ఉందా చూడండి, రెండూ ఒకటి కాదు. 2026 సెప్టెంబర్ 8న మెయిల్ పెట్టారనుకుందాం. ఆ రోజుని కూడా కలుపుకుంటే 90వ రోజు డిసెంబర్ 6, ఆదివారం. మర్నాటి నుంచి లెక్కపెడితే డిసెంబర్ 7. మూడు నెలలని రాసుంటే 7 అంటారో 8 అంటారో ఆ కంపెనీ అలవాటును బట్టి ఉంటుంది. ఒకటి రెండు రోజులేగా అనిపిస్తుంది. కొత్త కంపెనీలో 7వ తేదీ సోమవారం ఉదయం ఇండక్షన్ ఉన్నప్పుడు ఆ ఒక్క రోజు ఎంత టెన్షన్ పెడుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

రెండోది బయ్ అవుట్. నోటీసు పూర్తిగా చేయకపోతే మిగిలిన రోజులకి డబ్బు కట్టి వెళ్లొచ్చా? ఆ డబ్బు బేసిక్ మీద లెక్కిస్తారా, మొత్తం జీతం మీదా? నెలకి లక్ష జీతం, బేసిక్ 50 వేలు ఉన్నవాళ్లకి ఈ రెండింటి మధ్య తేడా నెలకి 50 వేలు. ఇంకో మాట కూడా చూడండి: "కంపెనీ అంగీకరిస్తేనే" అని ఉంటే బయ్ అవుట్ మీ హక్కు కాదు, వాళ్ల దయ. ఈ డబ్బు మీద జీఎస్టీ వేస్తామని ఎవరైనా అంటే, అది వర్తించదని 2022 ఆగస్టు 3 నాటి కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ స్పష్టం చేసిందని చెప్పండి.

మూడోది తిరిగి కట్టాల్సినవి. జాయినింగ్ బోనస్, రిటెన్షన్ బోనస్, ఊరు మారినందుకు ఇచ్చిన డబ్బు, కంపెనీ ఖర్చుతో చేసిన సర్టిఫికేషన్. వీటికి "ఏడాదిలోపు వెళ్తే వెనక్కి ఇవ్వాలి" లాంటి షరతు ఉంటుంది. పదకొండు నెలల ఇరవై రోజులకి పేపర్ పెట్టి మొత్తం బోనస్ వెనక్కి కట్టినవాళ్లని చూశాను. చాలాచోట్ల లెక్క చివరి పని దినానికే గానీ మెయిల్ పెట్టిన రోజుకి కాదు. కొన్నిచోట్ల అది కూడా తిరగబడుతుంది. క్లాజులో ఏ పదం వాడారో చూడాలి.

ఇక బాండ్. "బాండ్లు చెల్లవట కదా" అని అమీర్‌పేట హాస్టళ్లలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అంత తేలిక కాదు. విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, నియామకానికి పెద్ద ఖర్చు పెట్టింది, మొత్తం కూడా సమంజసమే అన్నది అక్కడి వాదన. మీ బాండ్‌లో రాసిన మొత్తానికీ, మీ మీద కంపెనీ నిజంగా పెట్టిన ఖర్చుకీ పొంతన లేకపోతే అది వేరే కథ. పెద్ద మొత్తమైతే ఒకసారి లాయర్‌కి చూపించండి.

పోటీ కంపెనీలో చేరకూడదన్న క్లాజు మాత్రం ఉద్యోగం వదిలాక సాధారణంగా నిలబడదు. మనిషి వృత్తికి అడ్డం పడే ఒప్పందం చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ అంటుంది. అయితే కంపెనీ రహస్యాలు, క్లయింట్ల డేటా పట్టుకెళ్లడం వేరు. దానికి ఈ సెక్షన్ అండగా రాదు.

3. తేదీ మీరే ఎంచుకోండి

పేపర్ పెట్టే రోజు మీ చేతిలో ఉంది కాబట్టి చివరి రోజు కూడా చాలావరకు మీ చేతిలో ఉన్నట్టే. వెనక నుంచి లెక్కపెట్టండి.

ముందుగా గ్రాట్యుటీ. ఐదేళ్ల సర్వీసు నిండితే చివరి నెల వేతనాన్ని (ప్రధానంగా బేసిక్, డీఏ) 15తో హెచ్చించి, 26తో భాగించి, ఎన్నేళ్లు చేశారో దానితో హెచ్చిస్తారు. ఆ లెక్కకి వచ్చే జీతం 40 వేలు, సర్వీసు ఐదేళ్లు అయితే సుమారు రూ.1,15,385. నాలుగేళ్ల పదకొండు నెలలకి చివరి రోజు పడితే ఈ లక్ష గురించి హెచ్‌ఆర్‌తో వాదించాల్సి వస్తుంది. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలన్న మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది గానీ కంపెనీలన్నీ దాన్ని పాటించవు. నెల ఆగడమే తేలిక. ఐదేళ్లు దాటినవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: ఆరు నెలలు దాటిన ముక్కని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. ఆరేళ్ల ఏడు నెలలంటే ఏడేళ్ల కింద లెక్క.

తర్వాత బోనస్. వేరియబుల్ పే "చెల్లించే రోజుకి ఉద్యోగంలో ఉండాలి, నోటీసులో ఉండకూడదు" అన్న నియమం చాలాచోట్ల ఉంటుంది. అలా ఉంటే డబ్బు ఖాతాలో పడ్డ మర్నాడు మెయిల్ పెట్టండి. ఇందులో మోసమేమీ లేదు, ఆ ఏడాది పనిచేసింది మీరే. షేర్ ఆప్షన్లు ఉన్నవాళ్లు వెస్టింగ్ తేదీ (అవి మీకు ఖాయమయ్యే రోజు), మానేశాక వాటిని కొనుక్కోవడానికి ఎన్నాళ్లు గడువు ఇస్తారు అన్నవి చూసుకోవాలి.

అందరూ మర్చిపోయేది ఇన్సూరెన్స్. కంపెనీ గ్రూప్ పాలసీ సాధారణంగా చివరి పని దినంతోనే అయిపోతుంది. నాన్నగారికి కంటి ఆపరేషనో, ఇంట్లో కాన్పో ఉంటే ఆ తేదీకి ఇటే జరిగేలా చూసుకోండి. పాత చోట చివరి రోజుకీ కొత్త చోట చేరే రోజుకీ మధ్య వారం ఖాళీ పెట్టుకుని తిరుపతో, ఊరో వెళ్లొద్దామనుకుంటారు. ఆ వారంలో పాలసీ లేదన్న సంగతి గుర్తుండాలి. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ దగ్గర సొంత పాలసీకి మారే వీలుంటుంది. కావాలంటే ఉద్యోగంలో ఉండగానే అడగాలి.

ఇక మంచి రోజు. నేను రెండోసారి రాజీనామా చేస్తున్నప్పుడు అమ్మ ఫోన్‌లో "మంగళవారం పెడతావా, బుద్ధుందా" అంది. ఒక రోజు ఆగి బుధవారం పెట్టాను. చివరి తేదీ ఒక రోజు జరిగింది, కొంపేమీ మునగలేదు. కానీ కొత్త కంపెనీ చేరమన్న తేదీ ఆషాఢంలో పడిందనో, అమావాస్య అనో ఇంట్లో గొడవ వచ్చేటట్టుంటే అది ఆఫర్ సంతకం పెట్టక ముందే తేల్చుకోండి. నోటీసు మొదలయ్యాక పంచాంగం చూస్తే ఎవరికీ చెప్పుకోలేరు.

4. ముందు మేనేజర్‌కి, ఎదురుగా, చిన్నగా

హెచ్‌ఆర్‌కి కాదు, పక్క సీటు స్నేహితుడికి కాదు, ముందు మేనేజర్‌కి చెప్పండి. ఆఫీసుకి వెళ్లే రోజైతే రూమ్‌లో, ఇంటి నుంచి పనైతే వీడియో కాల్‌లో. తన టీమ్‌లో మనిషి వెళ్తున్నాడని క్యాంటీన్‌లో మూడో మనిషి నోట వినడం ఏ మేనేజర్‌కీ నచ్చదు. ఒకసారి నాకూ అలాగే తెలిసింది. ఆ అబ్బాయి మంచివాడే, అయినా ఆ చిరాకు పోవడానికి నాకు నెల పట్టింది.

మన భాషలో ఒక మెత్తదనం ఉంది, ఇక్కడ అదే ఇబ్బంది పెడుతుంది. "రిజైన్ చేద్దామనుకుంటున్నాను సర్" అంటాం. "అనుకుంటున్నాను" అనగానే ఎదుటివాళ్లు బేరం మొదలుపెడతారు. మీరే తలుపు తీశారు మరి. "రిజైన్ చేస్తున్నాను" అనండి. మర్యాద గొంతులో ఉంటే చాలు, క్రియలో అక్కర్లేదు. ఆ సంభాషణ ఇంచుమించు ఇలా సాగుతుంది:

"సర్, నేను రిజైన్ చేస్తున్నాను. వేరే చోట ఆఫర్ వచ్చింది, ఓకే చెప్పేశాను."

"ఎక్కడ? ఎంత ఇస్తున్నారు?"

"చేరాక నేనే చెప్తాను సర్, ఏమనుకోకండి."

"ఇక్కడేమైనా ఇబ్బందా? నాకు చెప్పొచ్చు కదా."

"అలాంటిదేం లేదు సర్. పని నేర్చుకున్నది ఇక్కడే. ఇప్పుడు డేటా వైపు వెళ్దామని చూస్తున్నా, ఆ పని దొరికింది."

"సరే, ఇప్పుడే మెయిల్ పెట్టకు. ఓ వారం ఆగు, నేను పైన మాట్లాడతా."

జాగ్రత్తగా ఉండాల్సింది ఈ ఆఖరి మాట దగ్గరే. మీ మంచికే అన్నట్టు ఉంటుంది, ఆయన ఉద్దేశం మంచిదే కూడా కావచ్చు. కానీ నోటీసు లెక్క మొదలయ్యేది మెయిల్ తేదీ నుంచి. వారం ఆగితే చివరి తేదీ వారం జరుగుతుంది, కొత్త కంపెనీకి మీరు సమాధానం చెప్పుకోవాలి. "తప్పకుండా మాట్లాడండి సర్. మెయిల్ మాత్రం ఈరోజే పంపేస్తాను, లేకపోతే అక్కడ నా తేదీ కుదరదు" అనండి. నవ్వుతూ అనొచ్చు, అనడం మాత్రం మానొద్దు.

కారణం ఒక్కటే చెప్పండి, ఎవరడిగినా అదే చెప్పండి. మేనేజర్‌కి "కొత్త టెక్నాలజీ", హెచ్‌ఆర్‌కి "జీతం", స్నేహితులకి "ఆయన టార్చర్" అని చెబితే సాయంత్రానికి మూడూ ఒకచోట కలుస్తాయి. అమ్మకి బాగోలేదని అబద్ధం అసలే వద్దు. నెల తిరిగేసరికి మీ కొత్త కంపెనీ పేరు లింక్డ్‌ఇన్‌లో కనబడుతుంది.

5. గది బయటికి రాగానే మెయిల్

అరగంట దాటనివ్వొద్దు. మేనేజర్‌కి పంపండి, హెచ్‌ఆర్‌ని కలపండి, మీ సొంత మెయిల్‌కి కూడా ఒక కాపీ వెళ్లేలా చూడండి. కంపెనీ రూల్స్ బయటి మెయిల్‌ని ఒప్పుకోకపోతే ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి. పోర్టల్‌లో రిజైన్ బటన్ ఉంటే అదీ నొక్కండి. కొన్ని కంపెనీల్లో పోర్టల్ తేదీయే లెక్క. ఆఫీసులో ఇంగ్లిష్‌లోనే రాస్తాం గానీ, ఉండాల్సిన సరుకు ఇంతే:

"గౌరవనీయులైన … గారికి,

… హోదాలో నేను చేస్తున్న ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. ఈ మెయిల్‌ను 2026 సెప్టెంబర్ 9 తేదీతో నా రాజీనామాగా స్వీకరించగలరు. నా నియామక పత్రం ప్రకారం 90 రోజుల నోటీసు లెక్కన నా చివరి పని దినం 2026 డిసెంబర్ 7. దయచేసి ఈ తేదీని ధ్రువీకరించగలరు.

ఈ లోపు నా పనులను అప్పగించడానికి పూర్తిగా సహకరిస్తాను. ఇన్నాళ్లూ ఇచ్చిన అవకాశానికి కృతజ్ఞతలు."

అంతే. కారణం రాయక్కర్లేదు. ఎవరి మీదా ఫిర్యాదు అసలు రాయకూడదు. ఈ మెయిల్ మీ ఫైల్లో పదేళ్లుంటుంది, చదివేది మీకు తెలియని హెచ్‌ఆర్ మనిషి. "వీలైనంత త్వరగా రిలీవ్ చేయగలరు" అని రాయొద్దు. తేదీ రాయండి. "వీలైనంత త్వరగా" అన్నది వాళ్ల వీలు అవుతుంది.

జవాబులో "అంగీకరించాం" అని వచ్చి తేదీ లేకపోతే మళ్లీ అడగండి. మూడు రోజులు చూసి ఒక చిన్న గుర్తుచేసే మెయిల్, మరో మూడు రోజులకి ఇంకోటి. కొత్త కంపెనీలు చాలావరకు ఈ ధ్రువీకరణ మెయిల్‌నే అడుగుతున్నాయి.

6. కౌంటర్ ఆఫర్, నోటీసు తగ్గింపు

పైన మాట్లాడతానన్న మేనేజర్ రెండు రోజుల్లో వచ్చి "ఇంకో ఇరవై శాతం ఇస్తారట, ఉండిపో" అంటారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వద్దు. ఆ ఇరవై శాతం విలువ మీకు నిన్నటిదాకా లేదా? పైగా కొత్త కంపెనీకి మాటిచ్చి తప్పినట్టవుతుంది, హైదరాబాద్‌లో హెచ్‌ఆర్‌ల ప్రపంచం మనం అనుకున్నంత పెద్దది కాదు. జీతమొక్కటే సమస్య అయి, మిగతా అంతా బాగుండి, పెంపు లెటర్ రూపంలో చేతికొస్తే అది మినహాయింపు. అలాంటి సందర్భం నేనొక్కటే చూశాను.

నోటీసు తగ్గించమని అడిగేటప్పుడు "కొత్తవాళ్లు తొందర పెడుతున్నారు" అంటే ఎవరికీ పట్టదు. "నా మాడ్యూల్ ఆరు వారాల్లో ఫలానావాళ్లకి అప్పగిస్తాను, ఇదిగో ప్లాన్" అని ఒక షీట్ పెట్టండి. మేనేజర్ భయమల్లా మీరు వెళ్లాక పని ఎవరు చేస్తారన్నదే. ఆ భయం తీరిస్తే తేదీ కదులుతుంది. తగ్గించిన తేదీ కూడా మెయిల్‌లో రావాలి. అలాగే తగ్గించిన రోజులకి డబ్బు పట్టుకుంటారా, మాఫీ చేస్తారా అన్నది అదే మెయిల్‌లో రాయించుకోండి. "నోటిమాటగా మాఫీ అన్నారు" అన్నది లెక్కల విభాగం దగ్గర చెల్లదు. కొత్త కంపెనీ బయ్ అవుట్ డబ్బు తిరిగిస్తానంటే, అది జీతంలో కలిపి పన్ను పట్టుకుని ఇస్తారా అని కూడా అడగండి.

7. నోటీసు రోజులు

మొదటి వారం అందరూ "కంగ్రాట్స్, పార్టీ ఎప్పుడు" అంటారు. రెండో నెల వచ్చేసరికి మీటింగ్‌లకి పిలవడం తగ్గిస్తారు, కాస్త బాధగా ఉంటుంది. అది మామూలే.

కేటీ, అంటే పని అప్పగింత, నిజంగా చేయండి. డాక్యుమెంట్లలో అందరూ రాసేది సిస్టమ్ ఎలా ఉండాలో. మీరు అది నిజంగా ఎలా ఉందో రాయండి: నెలాఖరున ఏ జాబ్ ఆగిపోతుంది, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ క్లయింట్‌కి శుక్రవారం సాయంత్రం మెయిల్ పెడితే కోపం వస్తుంది. సెషన్లు రికార్డ్ చేయించి, అయిపోయాక "ఈ అంశాలు అప్పగించాను" అని మెయిల్ పెట్టండి. చివరి వారంలో "కేటీ పూర్తికాలేదు, ఇంకో రెండు వారాలుండు" అన్న మాటకి ఆ మెయిళ్లే జవాబు.

సెలవులు పెట్టొద్దు. చాలా కంపెనీల్లో నోటీసులో పెట్టిన సెలవుకి సరిపడా చివరి తేదీ జరుగుతుంది. పెళ్లో, పండగో ఉంటే పేపర్ పెట్టేటప్పుడే చెప్పి రాయించుకోండి. మిగిలిన సెలవులకి డబ్బు వస్తుందా, వస్తే ఎన్ని రోజులకి అన్నది పాలసీలో ఉంటుంది.

కంపెనీ ఫైళ్లు, కోడ్, క్లయింట్ల లిస్టు ఏదీ సొంత మెయిల్‌కి పంపొద్దు, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించొద్దు. నోటీసులో ఉన్నవాళ్ల లాప్‌టాప్‌ల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచే కంపెనీలున్నాయి. "నేను రాసిన కోడే కదా" అన్న వాదన చెల్లదు, జీతం తీసుకుని రాసింది కంపెనీ సొత్తు. మీవైన పేస్లిప్పులు, పన్ను కాగితాలు, అప్రైజల్ లెటర్లు, ఇన్సూరెన్స్ కార్డులు మాత్రం పోర్టల్ లాగిన్ పోకముందే దింపుకోండి. చివరి రోజు సాయంత్రం ఆరింటికి లాగిన్ ఆగిపోయాక మూడేళ్ల కిందటి పేస్లిప్ కోసం బతిమాలాల్సి వస్తుంది.

ఎగ్జిట్ ఇంటర్వ్యూలో మనసులోదంతా కక్కేయాలనిపిస్తుంది. ఆగండి. సరిచేయగలిగే విషయాలు ఒకటి రెండు చెప్పండి: షిఫ్ట్‌లు, టూల్స్, ట్రైనింగ్. వేధింపుల లాంటి తీవ్రమైన విషయమైతే దానికి చోటు ఇది కాదు, కంపెనీలోని కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి, అదీ వెళ్లకముందే.

8. చివరి రోజు

లాప్‌టాప్, ఛార్జర్, ఐడీ కార్డు, పార్కింగ్ స్టిక్కర్, ఇంటికి పంపిన మానిటర్ ఉంటే అదీ, ఇచ్చిన ప్రతిదానికీ రసీదు తీసుకోండి. కొరియర్‌లో పంపితే ట్రాకింగ్ నంబర్‌తో పాటు ప్యాక్ చేసేటప్పుడు తీసిన ఫొటో ఉంచుకోండి. ఒకసారి నా సెటిల్‌మెంట్‌లో "హెడ్‌సెట్ అందలేదు" అని రెండు వేల ఐదొందలు కోశారు. ఇచ్చాను, రసీదు లేదు. కథ అంతటితో అయిపోయింది.

రిలీవింగ్ లెటర్ ఆ రోజే ఇస్తారా, సెటిల్‌మెంట్ అయ్యాకా అని కనుక్కోండి. తర్వాత అంటే కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కి ముందే చెప్పి, ధ్రువీకరణ మెయిల్ చూపించండి. వీడ్కోలు మెయిల్ నాలుగు లైన్లు చాలు, మీ సొంత నంబర్‌తో. బిర్యానీ పార్టీ మీ ఇష్టం.

9. వెళ్లాక వచ్చే డబ్బు

ఫుల్ అండ్ ఫైనల్, ఆఫీసు మాటలో ఎఫ్ అండ్ ఎఫ్. ఇన్నాళ్లూ నెలా నెలన్నర లాగడం మన కంపెనీల అలవాటు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ మాత్రం, రాజీనామా చేసిన వ్యక్తికి రావాల్సిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలంటుంది. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు. స్టేట్‌మెంట్ వచ్చాక పనిచేసిన రోజులు, మిగిలిన సెలవులు, నోటీసు కోత ఈ మూడు లైన్లూ మీ సొంత లెక్కతో సరిచూడండి.

పన్ను దగ్గర ఒక గొయ్యి ఉంది, చాలామంది అందులో పడతారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నెలకి లక్షన్నర చొప్పున పాత చోట, అక్టోబర్ నుంచి నెలకి లక్షా ఎనభై వేలు కొత్త చోట అనుకోండి. పాత జీతం సంగతి మీరు చెప్పకపోతే కొత్త కంపెనీ తను ఇచ్చే ఆరు నెలల పది లక్షల ఎనభై వేలే మీ ఏడాది ఆదాయం అనుకుంటుంది. 2025-26 కొత్త పన్ను విధానంలో ఆ మొత్తానికి పన్ను సున్నా, కాబట్టి ఒక్క రూపాయి కూడా కోయదు. చేతికి జీతం ఎక్కువ వస్తోందని ఆర్నెల్లు సంబరపడతారు. రిటర్న్ వేసేటప్పుడు రెండూ కలిసి రూ.19.8 లక్షలవుతుంది, కట్టాల్సిన బాకీ లక్షా పన్నెండు వేల పైచిలుకు తేలుతుంది, వడ్డీ అదనం. చేరిన మొదటి వారమే పాత జీతం, అందులో కోసిన పన్ను (టీడీఎస్) వివరాలు కొత్త హెచ్‌ఆర్‌కి ఇచ్చేయండి.

అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఈ అధ్యాయం వేరే. అక్కడ రెండు వారాల నోటీసు మర్యాదే గానీ, అసలు గడియారం వీసాది. ఉద్యోగం ఆగిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (అక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు, ఏది ముందైతే అది. కొత్త కంపెనీ పిటిషన్ దాఖలైందని తేలాకే అక్కడ నోరు విప్పాలి.

10. వాళ్లు సతాయిస్తే

పోర్టల్‌లో రాజీనామా "పెండింగ్" అని నెలలు ఉంచేయడం, రిలీవింగ్ లెటర్ ఆపడం జరుగుతూనే ఉంటాయి. అలిగి ఆఫీసుకి వెళ్లడం మానేయకండి. చెప్పకుండా మానేస్తే రికార్డులో "అబ్‌స్కాండ్" అని పడుతుంది, తర్వాత ప్రతి వెరిఫికేషన్‌లోనూ అదే బయటికొస్తుంది. నోటీసు పూర్తయ్యేదాకా పని చేయండి, వారానికో మెయిల్ పెట్టండి, మేనేజర్ పైవాళ్లని కలపండి. చివరి రోజు దాటాక కూడా కాగితాలు రాకపోతే లాయర్ నోటీసు, కార్మిక శాఖకి ఫిర్యాదు. చాలాసార్లు లాయర్ లెటర్‌హెడ్ చూడగానే రిలీవింగ్ లెటర్ తయారైపోతుంది.

పీఎఫ్ కోసం రెండు నెలలాగి యూఏఎన్‌తో (మీ పీఎఫ్ నంబర్‌తో) లాగిన్ అవ్వండి. సర్వీస్ హిస్టరీలో పాత కంపెనీ పక్కన నిష్క్రమణ తేదీ మీ మెయిల్‌లో ఉన్నట్టు డిసెంబర్ 7 అనే ఉందా, లేక జీతాల సౌకర్యం కోసం 31 అని వేసేశారా చూడండి. డిసెంబర్ 10న కొత్త చోట చేరారనుకుంటే, ఇక్కడ 31 అని ఉన్నందువల్ల రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టు కనబడుతుంది. తప్పుంటే ధ్రువీకరణ మెయిల్ జతచేసి పాత హెచ్‌ఆర్‌కి సరిచేయమని రాయండి, కదలకపోతే ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్ ఉంది. తేదీ అసలు వేయకపోతే, చివరి చందా పడి రెండు నెలలయ్యాక మీరే వేసుకోవచ్చు. ఆ తర్వాత పాత డబ్బు కొత్త ఖాతాకి ట్రాన్స్‌ఫర్ పెట్టండి. ఐదేళ్లు నిండకుండా తీసేసుకుంటే దాని మీద పన్ను పడుతుంది, ట్రాన్స్‌ఫర్ చేస్తే పాత సర్వీసు కొత్తదానికి కలుస్తుంది.